కప్పలు కాని కప్పలు

"అవి నా కప్పలు కావు."

కోడలు ఆ మాట అన్నాక భోజనాల బల్ల దగ్గర వినిపించింది ఒక్కటే చప్పుడు. అత్తగారి చేతిలో గరిటె జారి గిన్నెలో పడింది.

మొగుడు ఫోను వెనక్కి లాక్కున్నాడు. అంతకు క్షణం ముందే అందులో తన ఘనకార్యం తాలూకు ఫొటోని బల్ల చుట్టూ తిప్పాడు. ల్యాబులోని గాజు ఫ్లాస్కు అడుగున ఒకదాని మీద ఒకటి ఎక్కి, పండగ బస్సులో జనంలా కిక్కిరిసిన కణాలు. మేనమామ చూసి భేష్ అన్నాడు. తల్లి చూసి, అందులో ఏముందో తెలియకపోయినా, కొడుకు పసినాటి ఫొటో చూసినట్టు మురిసిపోయింది. పెళ్లాం చూసి ఆ మాట అంది.

మెట్ల మీంచి జారి కాలు విరిగి ఇంట్లో పడి ఉన్నన్నాళ్లూ ఆమె అతన్ని బతిమాలుతూనే ఉంది, నా కణాల ఫొటో ఒక్కటి చూపించమని. "ఆగు, నిన్ను ఆశ్చర్యపరుస్తాను" అంటూ దాటేశాడు. పాపం, మాట నిలబెట్టుకున్నాడు.

"నీ కప్పలు కాకపోతే ఎవరివే? పక్కింటివాళ్లవా?" అంది అత్తగారు.

"అదే అడుగుతున్నానత్తయ్యా. ఎవరివో."

మేనమామ గొంతు సవరించుకున్నాడు. అది ఆయన ప్రధానమైన పరికరం. మొగుడూ పెళ్లాలు పనిచేసే ల్యాబుకి ఆయనే డైరెక్టరు. ఎదురుగా అందరూ డైరెక్టరుగారంటారు. వెనకాల మాత్రం మేనేజి మామ అంటారు. ఆయన పరిశోధన మానేసి చాలా కాలమైంది, మేనేజి చేయడం మాత్రం మానలేదు. అక్క కొడుకు కాబట్టి మేనల్లుణ్ణి ఉద్యోగంలోకి తెచ్చుకున్నాడు. మేనల్లుడి పెళ్లాం కాబట్టి కోడల్ని తేలేదు, ఆమె అంతకుముందే అక్కడ ఉంది. ఆమె సొంతంగా వచ్చిందన్న సంగతి ఆ కుటుంబం ఇంతవరకూ క్షమించలేదు.

కప్పలంటే బెకబెకమనేవి కావు. కప్ప మూత్రపిండంలోంచి తీసి, గాజు అడుగున పెంచుతున్న కణాలు. వాటిలోకి ఒక కొత్త జన్యువు పంపి, తనకు కావలసిన ప్రోటీన్‌ని వాటిచేత తయారుచేయించడం కోడలి పని. ఆ ప్రోటీన్‌కి వెనక ఒక పచ్చదీపం కూడా తగిలించింది. నీలం వెలుగు పడితే కణం పచ్చగా మెరుస్తుంది. మెరిసిందంటే పని చేస్తున్నట్టు. ఈ ఇంట్లో మనుషులకి అలాంటి ఏర్పాటు లేకపోవడం విచారకరం.

ఈ విందు ఎందుకంటే, రేపు ల్యాబు కమిటీ వస్తోంది. కప్ప కణాలకి చల్లదనం కావాలి, గదిలో ఉక్కపోస్తే అలుగుతాయి. అలాంటి వాటిని పెళ్లాం మంచాన పడి ఉన్న వ్యవధిలో మనిషి ఒంటివేడికి అలవాటు చేశాననీ, ఇప్పుడవి ఇదివరకటి కన్నా ఎన్నో రెట్లు జోరుగా పెరుగుతున్నాయనీ మొగుడు కమిటీకి ప్రకటించబోతున్నాడు. ఆ మాటకి పక్కన డైరెక్టరుగారు తల ఊపబోతున్నారు. ఆ ఊపుతో డైరెక్టరుగారు ఖాళీ చేయబోయే కుర్చీలో మేనల్లుడు కూర్చోబోతున్నాడు. ల్యాబులో కుర్రకారు అప్పుడే అతనికి కణనాథుడని పేరు కూడా పెట్టేశారు. మోదకాలు ఒక్కటే తక్కువ.

"అసూయ" అంది అత్తగారు గిన్నెతో. కోడలితో చెప్పాల్సినవన్నీ ఆవిడ గిన్నెలతో చెబుతుంది. "మొగుడు పైకొస్తుంటే పెళ్లానికి అసూయ. నా కాలంలో ఇలాంటివి చూడలేదు."

కోడలు ఓపిగ్గా చెప్పింది. నా కణాలు నేల మీద బండలు పరిచినట్టు పక్కపక్కన పడుకుంటాయి, ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కవు. ఈ ఫొటోలో ఉన్నవి ఎక్కుతున్నాయి. మనుషుల్లా.

"పెంపకాన్ని బట్టి మారతాయేమో" అన్నాడు మొగుడు.

"నా పెంపకానికేం తక్కువ?" అంది తల్లి వెంటనే. ఎవరో తననే అన్నారనుకుంది. ఎవరూ అనలేదు. అనాల్సింది.

మేనమామ కోడలి వైపు చూడకుండానే, కాలునొప్పికి మందులు వాడేవాళ్లకి అనుమానాలు ఎక్కువవుతాయని ఎక్కడో చదివానన్నాడు. కోడలు కర్ర అందుకుంది. లేచి, బల్ల పట్టుకుని, మొగుడి వైపు చూసి గదిలోకి రమ్మన్నట్టు తల తిప్పింది.

అతను ముందు మామయ్య వైపు చూశాడు. మామయ్య కనురెప్పలు వాల్చి అనుమతి ఇచ్చాడు. అప్పుడు లేచాడు.

తోకకప్పకి ఎప్పటికో ఒకప్పటికి తోక ఊడుతుంది. ఇతనికి ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది.

*

గదిలో ఆమె మంచం అంచున కూర్చుంది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు, పారిపోవడానికి అనువుగా.

"ఒక్కటి అడుగుతాను, చెప్పండి."

అతను గడప మీదికి ఒక అడుగు వెనక్కి వేశాడు. నలుగురిలో మాట ఎలా ఉన్నా నాలుగు గోడల మధ్య ఆమె అతన్ని నువ్వనే అంటుంది. కోపం ముదిరేకొద్దీ మర్యాద ముదురుతుంది. మీరు దాకా వచ్చిందంటే గాలివాన. తమరు దాకా వస్తే ఊరు ఖాళీ చేయాలి.

"నా కణాలకీ మీ కణాలకీ మేత ఒకే సీసాలోంచి పోశారా?"

అతని ముఖం వికసించింది. ఇంత తేలిక ప్రశ్న వస్తుందనుకోలేదు. అతను పెంచేవి మనిషి కణాలు, ఒంటివేడి ఉండే పెట్టెలో. వాటికీ వీటికీ వేసే మేత మూలంలో ఒక్కటే. కప్పలకి మాత్రం నీళ్లు కలిపి పల్చన చేయాలి.

"ఒకే సీసానే" అన్నాడు, మెప్పు కోసం చూస్తూ. "రెండు సీసాలు తెరిచి రెండూ పాడుచేయడం ఎందుకు? ముందు నావాటికి పోసేవాణ్ణి. మిగిలినదాంట్లో నీళ్లు కలిపి నీవాటికి. మేత పీల్చి పోసే పిపెట్టు గొట్టం కూడా ఒకటే. నువ్వు లేనప్పుడు ఎంత పొదుపుగా నడిపానో మామయ్యని అడుగు."

కణాలు పెంచేవాళ్లకి ల్యాబులో అడుగుపెట్టిన మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. రెండు జాతుల్ని ఒకే వేళ బల్ల మీదకి తేవద్దు, ఎవరి సీసా వాళ్లది. పసిపిల్లకి నిప్పు ముట్టుకోవద్దని చెప్పినట్టు చెబుతారు. ఇతనికీ చెప్పే ఉంటారు. వినడానికీ వదిలేయడానికీ చెవి కూడా ఒకటే వాడినట్టున్నాడు.

"తర్వాత?" అంది.

తర్వాత మెల్లమెల్లగా వేడి పెంచానన్నాడు. మొదట్లో చాలా కణాలు రాలిపోయాయట. మిగిలినవి మొండిఘటాలట. ఇక చూసుకో, పిచ్చిపట్టినట్టు పెరిగాయట. నీళ్లు కలపడం కూడా మానేశాడట, చిక్కటి మేత వాటికి ఇంకా ఇష్టంగా ఉందని.

"రాలిపోయినవి నావి" అంది ఆమె. "మిగిలినవి మీవి."

"అంటే?"

"మీ పిపెట్టు మొనకి అంటుకుని మీ మనిషి కణాలు నా సీసాలోకి వచ్చాయి. చల్లగా ఉన్నంతకాలం నోరు మూసుకుని మూల కూర్చున్నాయి. మీరు వేడి పెంచారు. నావి చచ్చాయి. అవి కాళ్లు చాపుకున్నాయి. మీరు కప్పలకి ఏమీ నేర్పలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లని ఇంటివాళ్లనుకుని మేపారు."

అతని ముఖంలో అర్థం కావడమనే కార్యక్రమం మొదలైంది. ఆఫీసులో ఫైలు కదిలినట్టు కదిలింది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి, మధ్యలో టీకి ఆగి, సంతకం కోసం ఆగి. చివరికి నుదుటి మీద చెమటగా బయటికి వచ్చింది.

వెళ్లి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె కొంచెం జరిగింది. చోటివ్వడానికి కాదు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె అతని వైపు తిరిగి చూసింది. తప్పయింది అంటాడేమో, అయ్యో నీ కణాలు అంటాడేమో అని నిజంగానే ఒక్క క్షణం ఎదురుచూసింది. ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా ఎదురుచూసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"నాకు."

"నీకు కాక?"

"మీకు. ఇప్పుడే."

"అంతేగా" అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టు. ఫొటో చూసి కమిటీవాళ్లు ఏం పోల్చుకుంటారన్నాడు. కొన్నాళ్లు ఊరుకుంటే అన్నీ సర్దుకుంటాయన్నాడు. కుర్చీ వస్తే అది ఇద్దరిదీ అన్నాడు. కప్పలతో మొదలుపెట్టినవాడు కప్పిపుచ్చడంలో తేలాడు. ఒక్క ఆదివారంలో ఇంత ప్రగతి.

"ట్యాంకులో ఉన్నవి ఎలా ఉన్నాయి?"

అడగడానికి భయపడి ఆమె ఇంతసేపూ దాచుకున్న ప్రశ్న అదే. ఏ ల్యాబులోనైనా కణాల్ని పెంచడంతోపాటు కొన్నిటిని చిట్టి సీసాల్లో గడ్డకట్టించి, పొగలు కక్కే చలి ట్యాంకులో దాచి ఉంచుతారు. పైన ఉన్నవి పోయినా అవి ఉంటే మళ్లీ మొదలుపెట్టవచ్చు. అవీ పోతే లేదు. పంపిన జన్యువు ఏ కణంలో ఎక్కడ కుదురుకుంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు. వేలల్లో ఒక్క కణం సరిగ్గా మెరిసింది, దాన్ని ఏరి పట్టుకుని ఆ సంతానం మొత్తాన్ని పెంచుకొచ్చింది ఆమె. మళ్లీ ఏరబోతే మళ్లీ అదే దొరుకుతుందన్న పూచీ లేదు.

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడదగ్గది ఏమీ లేదు.

"ఉన్నాయి" అన్నాడు. "రేపు కమిటీ వెళ్లాక తీసేయమన్నాడు మామయ్య. కొత్తవాటికి చోటు కావాలి కదా. పాతవీ కొత్తవీ కలిసిపోతే గందరగోళమని."

"తమరు ఏమన్నారు?"

"సరేనన్నాను."

తలుపు అవతల గాజుల చప్పుడు అయింది. అత్తగారు అప్పుడే వచ్చి తలుపుకి ఆనుకుని వింటోంది. లోపల మాటలు ఆగిపోయేసరికి నిరాశతో బరువు మార్చుకుంది.

కోడలు లేచి తలుపు తెరిచింది. అత్తగారు ముందుకు పడబోయి, తలుపు తుడుస్తున్నట్టు చెంగుతో రెండుసార్లు రుద్దింది.

ముందుగదిలో సోఫాలో కాళ్లు చాపుకున్న మేనమామకి కోడలు ఒకటే చెప్పింది.

"బాబాయిగారూ, ఇప్పుడే ల్యాబుకి వెళ్దాం. ఆ ఫ్లాస్కుల్ని నీలం దీపం కింద ఒక్కసారి చూద్దాం. మెరిస్తే రేపు మొదటి చప్పట్లు నావే."

ఆయన ఆదివారం అన్నాడు. తిన్నది అరగలేదన్నాడు. ఎండ అన్నాడు. కోడలు కర్ర ఆనించుకుని అక్కడే నిలబడింది. చివరికి అత్తగారే తమ్ముడికి నచ్చజెప్పింది, వెళ్లిరారా, నీ నోటితో నువ్వు చెబితేగాని దీని నోరు మూతపడదు అని. ఏ నోరు ఎక్కడ మూతపడుతుందో ఆవిడకేం తెలుసు.

*

కారు మొగుడు నడిపాడు. మేనమామ ముందు కూర్చుని కునికాడు, లేదా కునికినట్టు కనిపించాడు. ఆయన విషయంలో ఈ రెండిటికీ తేడా చెప్పడం కష్టం. ఆదివారం కావడంతో దుకాణాలకి రేకుతలుపులు దించి ఉన్నాయి. మలుపు దగ్గర ఒక కుక్క కారుని చూసి మొరగాలా వద్దా అని ఆలోచించి మానుకుంది.

ల్యాబులో ఫ్రిజ్‌ల రొద తప్ప మనిషి అలికిడి లేదు. వరండా పొడుగునా బ్లీచ్ వాసన. కణాల పెంపకాన్ని ఇక్కడ కల్చర్ అంటారు. ఈ ఇంటివాళ్లకి కల్చర్ అనేది ఉన్నది ఈ గదుల్లోనే. అదీ గాజు సీసాల్లో, మూతలు బిగించి.

మొగుడు వెచ్చటి పెట్టె తెరిచి తన ఫ్లాస్కుల్లో ఒకటి తీశాడు, బారసాల పిల్లని తీసినట్టు. చీకటిగదిలో మైక్రోస్కోపు కింద పెట్టి నీలం దీపం వెలిగించాడు. తను చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఏం కనిపిస్తోంది?" అంది ఆమె.

"దీపం సరిగ్గా లేదు."

ఆమె అతన్ని తప్పించి, సొరుగులోంచి తను ఎప్పుడో చేసి పెట్టుకున్న గాజుపలక ఒకటి తీసింది. అసలైన కప్ప కణాలు, మందువేసి కదలకుండా నిలబెట్టినవి. ఫ్లాస్కు తీసి దాన్ని పెట్టింది. పచ్చగా, వానాకాలం మొదట్లో పొలం ఉన్నట్టు, మెరిసింది. మళ్లీ ఫ్లాస్కు పెట్టింది. చీకటి.

"రండి బాబాయిగారూ, మీరూ చూడండి."

మేనమామ రాలేదు. గోడకున్న మీట నొక్కి మామూలు లైటు వేశాడు. ముగ్గురూ కళ్లు చిట్లించారు.

"నేను చూశాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"వీడు మొదటి ఫొటో తెచ్చి చూపించినప్పుడే అనుమానం వచ్చింది. సాయంత్రం అందరూ వెళ్లాక వచ్చి చూసుకున్నాను. నేనూ ఒకప్పుడు కణాలు పెంచినవాణ్ణే అమ్మాయీ. నువ్వొక్కదానివే పుట్టలేదు."

ఆ తర్వాత ఆయన ఒక స్టూలు లాక్కుని, పిల్లలకి పాఠం చెబుతున్నట్టు విడమరిచి చెప్పాడు. కమిటీలో ఉన్నవాళ్లకి గీత పైకి పోతోందా లేదా అన్నదొక్కటే పట్టింపు. గీత పైకి పోతోంది. పైకి పోతున్నది కప్పా మనిషా అని వాళ్లు అడగరు, వాళ్లకి ఆ తేడా బయట కూడా తెలియదు. రేపు ప్రకటిస్తాం. కొన్నాళ్లు పోయాక, కణాల్లో మెరుపు తగ్గిపోయింది, కారణాలు పరిశీలిస్తున్నాం అని ఒక ముక్క రాసి అటకెక్కిస్తాం. పరిశోధనల్లో ఇలాంటివి మామూలే, ఎవరూ ఏడవరు. ఆలోగా కుర్చీ మన ఇంట్లోనే ఉంటుంది.

"మరి నా పాత సీసాలు?"

"తీయించను. నేనే భద్రంగా దాస్తాను." ఆయన నవ్వాడు. "నువ్వు నోరు మెదపనంతకాలం."

ఇదివరకు రాజులు ధాన్యమో బంగారమో కప్పంగా పుచ్చుకునేవారు. ఈయన కప్పల దగ్గర కూడా కప్పం వసూలు చేయగల సమర్థుడు. మౌనం చాలునన్నాడు, అదే ఔదార్యం.

కోడలు జవాబు చెప్పేలోపు పక్కనుంచి ఇంకో గొంతు వచ్చింది. ఇంతసేపూ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ మొగుడిది.

"అంటే... తప్పని తెలిసే నాకు భేష్ అన్నావా మామయ్యా?"

"ఏమనమంటావురా మరి? చిన్నప్పుడు నువ్వు ఏనుగు బొమ్మ గీసి తెచ్చినా భేష్ అన్నాను. అది పందిలా ఉండేది."

అతని ముఖం ఎర్రబడింది. పెళ్లాం శ్రమ బూడిదైందని విన్నప్పుడు ఎర్రబడని ముఖం. కమిటీని మోసం చేస్తున్నామని విన్నప్పుడు కూడా ఎర్రబడలేదు. తన బొమ్మని పంది అన్నారని ఎర్రబడింది.

గబగబా కల్చర్ గదిలోకి వెళ్లాడు. వెచ్చటి పెట్టెలో ఉన్న ఫ్లాస్కులన్నీ తెచ్చి సింకు పక్కన పెట్టాడు. బ్లీచ్ డబ్బా మూత తీశాడు. వెనకే వచ్చిన ఇద్దరూ చూస్తుండగా ఒక్కొక్క ఫ్లాస్కులోనూ గుబగుబమని పోశాడు. గులాబిరంగు మేత క్షణంలో రంగు పోయి తెల్లబడింది. కణాలు తెట్టుగా లేచి తేలాయి. కణనాథుడి నిమజ్జనం అంత త్వరగా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు.

"అయిపోయింది" అన్నాడు రొప్పుతూ. "రేపు చూపించడానికి ఏమీ లేదు. ఇప్పుడనండి భేష్."

కోడలికి ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతని మీద జాలిలాంటిది కలిగింది. ఈ మనిషి పుట్టాక తన ఇష్టంతో చేసిన మొదటి పని ఇదే కావచ్చు. మరుక్షణమే గుర్తొచ్చింది, అవి కప్పలు కావని రుజువు చేయగలిగినవి ఆ ఫ్లాస్కులే. మొదటి పని కూడా తప్పుగానే చేశాడు.

మేనమామ ఆ సంగతి ఆమె కన్నా ముందే గ్రహించాడు. ఫోను తీసి, అందరికీ వినపడేలా పెట్టి, అక్కకి కలిపాడు.

"అక్కా, ఘోరం జరిగిపోయింది. నీ కోడలు ఫ్లాస్కులన్నిట్లోనూ బ్లీచ్ పోసేసింది. అసూయ అని నువ్వన్నావు చూడు, అదే. రేపు కమిటీకి నేనేం చెప్పను?"

అవతల అత్తగారి గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా.

"వాడున్నాడా అక్కడ? వాడికివ్వు." ఆగి, "ఒరేయ్ నాన్నా, నువ్వు చెప్పు. అదేనా పోసింది?"

అతని చేతిలో డబ్బా ఇంకా ఉంది. చొక్కా మీద చిందిన చోటల్లా రంగు పోయి మచ్చలు తేలుతున్నాయి. మామయ్య వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. డబ్బా వైపు చూసి, దానికి జాగ్రత్తగా మూత పెట్టాడు.

"అమ్మా, మేం వచ్చేసరికి ఆలస్యమవుతుంది" అన్నాడు. "నువ్వు గిన్నెల మీద మూతలు పెట్టేసి కాసేపు పడుకో."

కోడలు అతన్ని చూసింది. పురుగుని చూసినట్టు చూసిందనడానికి లేదు. పురుగుల్ని ఆమె ఆసక్తిగా చూస్తుంది.

చెయ్యి చాపి, మేనమామ చేతిలో ఉన్న ఫోనుని కాస్త తన వైపు తిప్పుకుంది.

"అత్తయ్యా, నేనే పోశాను."

మొగుడు ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు గదిలో అందరికీ వినపడింది. బహుశా ఫోనులో కూడా.

"ఇంత పెద్ద నేరం చేశాక కమిటీవాళ్లు నన్ను పిలిచి అడక్కుండా ఉండరు కదా. ఎందుకు పోశావమ్మా అంటారు. అప్పుడు మొదట్నించీ చెబుతాను. ఆ ఫ్లాస్కుల్లో ఏం పెరిగిందో, ఎలా వచ్చిందో, ఎవరెవరికి ఎప్పట్నించీ తెలుసో. ఇన్నాళ్లూ వాళ్ల ముందుకి వెళ్లే దారి నాకు దొరకలేదు. ఇప్పుడు బాబాయిగారే నా పేరు వాళ్లకి చెబుతానంటున్నారు."

"ఎలా వచ్చిందంటే? ఏమిటే, ఎవరికి తెలుసు?" అంటున్న అత్తగారి గొంతు మధ్యలో తెగింది. మేనమామ ఫోను ఆపేశాడు.

ఆయన ముఖంలో మేనేజి చేయడానికి ఏమీ మిగల్లేదు. ఫోను జేబులో వేసుకుని, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"చెప్పుకో" అన్నాడు. "ఎవరు నమ్ముతారు? చూపించడానికి నీ దగ్గర ఏముంది? ఇవి చచ్చాయి. నీ గాజుపలక మీదవి ఎప్పుడో చచ్చాయి. నీ అసలు కప్పలు ఎలా ఉంటాయో, ఎలా మెరుస్తాయో, అవీ ఇవీ పక్కపక్కన పెట్టి చూపించాలంటే ప్రాణంతో ఉన్నవి కావాలి. అవి ట్యాంకులో ఉన్నాయి. రేపటిదాకా ఎందుకు?" మేనల్లుడి వైపు తిరిగి అరచెయ్యి చాపాడు. "తాళంచెవి ఇలా ఇవ్వరా."

కోడలు కాలు విరిగి మంచాన పడిన దగ్గర్నించీ ట్యాంకు బాధ్యత మొగుడిదే. అతని వేళ్లు వాటంతటవే ప్యాంటు జేబులోకి వెళ్లాయి. ఎవరడిగినా సరేననడానికి అలవాటుపడిన వేళ్లు. చిన్న ఇత్తడి తాళంచెవి బయటికి వచ్చింది.

అప్పుడు కర్రని సింకుకి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, ఆమె కూడా చెయ్యి చాపింది. అడగలేదు. బతిమాలలేదు. పేరుపెట్టి పిలవలేదు.

ఎదురుగా రెండు అరచేతులు. రెండిటికీ ఒకేసారి సరేననడం ఎలాగో అతనికి ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు. తాళంచెవి వేలికి తగిలించుకుని, మామయ్య చేతినీ చూడకుండా, పెళ్లాం చేతినీ చూడకుండా, పారిపోవడానికి అనువుగా తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు.